వృద్ధాశ్రమంలో బ్యాక్టీరియా పాకుతుంటే: జీనోమ్ సీక్వెన్సింగ్‌తో జాడ తీయడం ఎలా

మూడు వారాల్లో ఒకే ఆశ్రమంలో నలుగురికి చలిజ్వరం, మూత్రంలో మంట. ఆసుపత్రిలో కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) పెడితే నలుగురికీ క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా, అదీ మెరోపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్‌కు లొంగని రకం. "ఆసుపత్రిలోనే అంటుకుంది" అని ఆశ్రమం వాళ్లు. "అక్కడి నుంచే తెచ్చుకున్నారు" అని ఆసుపత్రి వాళ్లు. కల్చర్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూసినా ఈ తగవు తీరదు. మందులకు లొంగని క్లెబ్సియెల్లా మన దగ్గర అరుదేమీ కాదు. పేరూ, పనిచేయని మందుల జాబితా కలిసినంత మాత్రాన రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయని చెప్పలేం.

ఈ తగవు తీర్చడానికి జీనోమ్ సీక్వెన్సింగ్, అంటే బ్యాక్టీరియా డీఎన్‌ఏను అక్షరం అక్షరం చదవడం, పనికొస్తుంది. క్లెబ్సియెల్లా జీనోమ్‌లో సుమారు 55 లక్షల అక్షరాలుంటాయి. బ్యాక్టీరియా రెట్టింపవుతూ పోయేకొద్దీ అక్కడొకటి ఇక్కడొకటి అక్షరం మారుతుంది. ఈ ఒక్క అక్షరం తేడానే స్నిప్ అంటారు. ఇద్దరి నుంచి తీసిన బ్యాక్టీరియాకు మధ్య 3 స్నిప్‌లే తేడా ఉంటే దగ్గరి చుట్టరికం, 3,000 ఉంటే ఏ సంబంధమూ లేనట్టు. ఒక్కటి మాత్రం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. జీనోమ్ గట్టిగా చెప్పగలిగింది "కాదు" అన్న మాట. "ఈమె నుంచి ఆమెకు సోకింది" అని అదొక్కటే ఎప్పుడూ చెప్పదు. ఆ సగం పని పడకల పట్టికా, డ్యూటీ రిజిస్టరూ చేయాలి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఆశ్రమాలు చూసే వైద్యులు, మైక్రోబయాలజీ ల్యాబుల వాళ్లు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సులు, జిల్లా సర్వైలెన్స్ సిబ్బంది కోసం ఈ వివరాలు.

ముందు ఆపాలి, ఆ తర్వాతే వెతకాలి

సీక్వెన్సింగ్ ఫలితం ఎంత తొందరపడినా వారం పడుతుంది. బయటికి పంపితే ఇంకా ఎక్కువ. అంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. కేసులను ఒక గదిలోకి చేర్చండి. వాళ్లకు విడిగా ఆయాను పెట్టండి. ప్రతి పడక దగ్గరా ఆల్కహాల్ హ్యాండ్ రబ్ ఉంచండి. అవసరం తీరిన యూరిన్ పైపులు ఆరోజే తీసేయించండి. క్లోస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ విరేచనాలని అనుమానముంటే హ్యాండ్ రబ్ చాలదు, దాని స్పోర్లు (గట్టి పెంకున్న నిద్రాణ రూపాలు) ఆల్కహాల్‌కు చావవు. అక్కడ సబ్బూ నీళ్లూ, బ్లీచింగ్ ద్రావణమూ వాడాలి. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) పరిధిలోని జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కు కబురు పెట్టండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి, ఆశ్రమం తిరుపతి జిల్లాలో ఉండి రోగి చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో చేరితే రెండు యూనిట్లకూ చెప్పాలి. లేకపోతే సగం కేసులు ఒక లెక్కలో, సగం ఇంకో లెక్కలో పడి, ఎవరికీ గుంపు కనబడదు.

ఇది నిజంగా గుంపేనా అన్నది కూడా ముందే చూసుకోవాలి. గత ఆరు నెలల్లో ఈ ఆశ్రమం నుంచి నెలకు ఎన్ని యూరిన్ కల్చర్లు వెళ్లాయి, ఎన్ని పాజిటివ్ వచ్చాయి? కొత్త డాక్టరు వచ్చి అందరికీ కల్చర్ రాస్తుంటే కేసులు పెరిగినట్టు కనిపిస్తాయి, అంతే. యూరిన్ పైపు నెలల తరబడి ఉన్నవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. జ్వరమో మరో లక్షణమో లేకుండా కల్చర్ పాజిటివ్ అయినంత మాత్రాన దాన్ని జబ్బు లెక్కలో వేయకండి.

లైన్ లిస్టు: అసలు పని ఇక్కడుంది

నాణ్యమైన జీనోములు ఇరవై ఉన్నా, తేదీలు తప్పుగా రాసుకుంటే దర్యాప్తు పోయినట్టే. లైన్ లిస్టు అంటే కేసుల పట్టిక, ఒక మనిషికి ఒక వరుస. అందులో ఉండాల్సినవి: కోడ్ నంబరు, వయసు, గది, పడక, లక్షణాలు మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, యూరిన్ పైపు లేదా ముక్కు గొట్టం పెట్టిన తేదీ, డైపర్ వాడకం, పుళ్లు, గత ఆరు నెలల్లో వాడిన యాంటీబయాటిక్‌లు, చేరిన ఆసుపత్రులు. ఆసుపత్రి పేరొక్కటే సరిపోదు. ఏ వార్డు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నదీ కావాలి. ఇక్కడి వాళ్లు స్విమ్స్‌కూ రుయాకూ వెళ్తారు, చిత్తూరు వైపు వాళ్లు వెల్లూరు సీఎంసీకీ వెళ్తారు. డిశ్చార్జ్ సమ్మరీలు అడిగి తీసుకోండి. జ్ఞాపకాల మీద ఆధారపడొద్దు.

అందరూ వదిలేసే కాలమ్ ఒకటుంది, అది పడక మార్పులు. చేరినరోజు పడక నంబరు రిజిస్టర్‌లో ఉంటుంది. ఫ్యాన్ పాడైందనో, పక్కామె రాత్రంతా దగ్గుతోందనో మూడుసార్లు మార్చి ఉంటారు, అది ఎక్కడా రాసి ఉండదు. రాత్రి డ్యూటీ ఆయాను అడిగితే తేదీలతో సహా చెబుతుంది. మేనేజర్ కంటే ఆమే నమ్మదగిన రికార్డు.

పేర్లతో జాగ్రత్త. ఈ సీమలో ఒకే ఆశ్రమంలో ముగ్గురు మునెమ్మలూ ఇద్దరు మునిరత్నాలూ ఉండటం మామూలే. పేరు మీద శాంపిల్ పంపితే ల్యాబ్‌లో ఒకరి కల్చర్ ఇంకొకరి ఖాతాలో పడుతుంది. చేరినరోజే ఒక కోడ్ ఇచ్చి, సీసా మీదా ఫారం మీదా అదే రాయండి. పేరుకూ కోడ్‌కూ ముడిపెట్టే పట్టిక ఒక్కరి దగ్గరే, తాళం వేసి ఉండాలి.

విరేచనాల కేసులైతే మరో కాలమ్ చేర్చండి: బయటి భోజనం. పుట్టినరోజులకూ పెద్దల తద్దినాలకూ దాతలు ఆశ్రమాల్లో భోజనాలు పెట్టిస్తారు. ఏ తేదీ, ఏ పూట, వంట ఎక్కడ జరిగింది, ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు వడ్డించారు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే స్టాఫ్ ఆరియస్ లేదా బాసిల్లస్ సీరియస్ విషం కావచ్చు. అక్కడ సీక్వెన్సింగ్ కంటే మిగిలిన పులిహోర ముఖ్యం. వచ్చిన ప్రతి వంటకంలో 100 గ్రాములు శుభ్రమైన మూత డబ్బాలో తీసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచే అలవాటు చేస్తే, తర్వాత చాలా తలనొప్పి తగ్గుతుంది.

శాంపిళ్లు

ముందుగా ల్యాబులకు ఫోన్ చేయండి. గత నెలలో ఈ ఆశ్రమం నుంచి వచ్చిన ప్లేట్లూ ఐసొలేట్లూ (శాంపిల్ నుంచి విడిగా పెంచిన బ్యాక్టీరియా) పారేయొద్దని చెప్పండి. మామూలుగా రిపోర్టు ఇచ్చిన కొద్ది రోజులకే ప్లేట్లు ఆటోక్లేవ్‌లోకి పోతాయి. మొదటి ఇద్దరు రోగుల ఐసొలేట్లు పోతే కథ మొదలు పోయినట్టే. మళ్లీ శాంపిల్ తీసేసరికి వాళ్లు మందులు వాడేసి ఉంటారు.

యూరిన్ పైపు ఉన్నవాళ్ల మూత్రం బ్యాగులోంచి పట్టకండి. బ్యాగులో గంటల తరబడి నిలవున్న మూత్రంలో ఏదైనా పెరుగుతుంది. పైపు మీదుండే శాంపిల్ పోర్టును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సిరంజితో తీయాలి. పైపు పాతదైతే కొత్తది వేసి, దాని నుంచి తీయడం మేలు. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరకపోతే 4 డిగ్రీల చలిలో ఉంచాలి, అప్పుడు 24 గంటల వరకు ఫర్వాలేదు. మే నెలలో తిరుపతి ఎండ 40 దాటుతుంది. స్కూటర్ డిక్కీలో పెట్టిన సీసా అరగంటలో ఇంక్యుబేటర్ అయిపోతుంది. థర్మాకోల్ డబ్బా, ఐస్ జెల్ ప్యాకులు తప్పనిసరి. మలం లేదా రెక్టల్ స్వాబ్‌కు క్యారీ-బ్లెయిర్, ముక్కు, పుండు స్వాబ్‌లకు ఏమీస్ మీడియం వాడండి.

జబ్బు పడ్డవాళ్లతోనే ఆగకండి. 2011లో అమెరికాలోని ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థ) క్లినికల్ సెంటర్ ఆసుపత్రిలో ఇలాంటి క్లెబ్సియెల్లానే పాకి 18 మందికి సోకింది. వాళ్లలో 11 మంది చనిపోయారు, అందులో 6 మరణాలు ఈ ఇన్‌ఫెక్షన్ వల్లే. మొదటి రోగి డిశ్చార్జ్ అయిన మూడు వారాలకు గానీ రెండో కేసు బయటపడలేదు. సంబంధం లేదేమో అనుకున్న ఆ రెంటినీ జీనోములే కలిపాయి. మధ్యలో బ్యాక్టీరియా ఏ లక్షణాలూ లేనివాళ్ల పేగుల్లో ఉండిపోయిందన్నమాట. కాబట్టి కేసుల గదిలో ఉన్నవాళ్లందరికీ, యూరిన్ పైపు ఉన్నవాళ్లందరికీ రెక్టల్ స్వాబ్ తీయాలి. స్వయంగా ఒప్పుకోగలిగిన వాళ్లను వాళ్లనే అడగాలి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల విషయంలో పిల్లలనో బాధ్యులనో అడగాలి. "ఇది చికిత్స కోసం కాదమ్మా, ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి" అని నేరుగా చెప్పండి.

పరిసరాల శాంపిళ్ల దగ్గర ఒక చిక్కుంది. దర్యాప్తు బృందం వస్తోందని తెలియగానే ఆశ్రమం వాళ్లు తెల్లవారే లేచి అంతా ఫినాయిల్‌తో కడిగేస్తారు. కడగొద్దని చెప్పడం కూడా సరికాదు, జబ్బు పాకుతోంది కదా. ఉదయం ఆరింటికల్లా చేరుకోండి, శాంపిల్ తీయండి, వెంటనే కడిగించండి. స్వాబ్‌లను మామూలు సెలైన్‌లో కాక డే-ఎంగ్లీ లాంటి న్యూట్రలైజింగ్ బ్రాత్‌లో ముంచాలి. లేకపోతే నేల మీద మిగిలిన క్రిమిసంహారకం స్వాబ్‌లోనే బ్యాక్టీరియాను చంపేసి "ఏమీ లేదు" అని అబద్ధపు నెగెటివ్ ఇస్తుంది. చదునైన చోట 10 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్ల మేర రుద్దండి. గోడలూ కిటికీలూ వదిలేయండి. తడి ఉండేచోట వెతకాలి: బెడ్‌పాన్ కడిగే తూము, సింకు జాలీ కింద, యూరిన్ బ్యాగు ఖాళీ చేసే మగ్గు, తుడిచే గుడ్డ నానే బకెట్, సక్షన్ సీసా, తెరిచి చాలారోజులైన లోషన్ సీసా. ట్యాంకు నీళ్లు తీస్తే సీసాలో సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. క్లోరిన్‌ను అది విరిచేస్తుంది.

ప్లేటు మీద చేసే తప్పులు

మ్యాకాంకీ అగార్ మీద పెరిగిన వాటిలో ఒక్క కాలనీ తీసి మళ్లీ గీసి, శుద్ధమైన పెంపకం తయారుచేసుకోవాలి. ఒకే మనిషిలో రెండు రకాల క్లెబ్సియెల్లాలు ఉండొచ్చు కాబట్టి వీలైతే ముగ్గురు నలుగురు రోగుల నుంచి మూడేసి కాలనీలు దాచండి. ప్లేటు మీది మొత్తం పెరుగుదలను లూప్‌తో తుడిచి ఒక వయల్‌లో విడిగా దాచినా మంచిదే, తర్వాత వెనక్కి వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది. పదేపదే సబ్‌కల్చర్ చేయకండి. చేసినకొద్దీ రెసిస్టెన్స్ జీన్లు (మందులకు లొంగకుండా చేసేవి) మోసే ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు జారిపోవచ్చు. దాచేది 15 నుంచి 20 శాతం గ్లిసరాల్ బ్రాత్‌లో, మైనస్ 80 డిగ్రీల్లో. ఒక్కో ఐసొలేట్‌కు రెండు వయల్స్, వేర్వేరు డబ్బాల్లో. కరెంటు పోయి ఫ్రీజర్ కరిగితే రెండోదైనా మిగలాలి. డీప్ ఫ్రీజర్ లేకపోతే న్యూట్రియెంట్ అగార్ స్టాబ్‌లో గుచ్చి, మూత బిగించి, చీకట్లో గది ఉష్ణోగ్రతలో పెడితే కొన్ని నెలలు బతుకుతుంది.

దాదాపు అందరూ మరిచిపోయేవి పోలిక ఐసొలేట్లు. ఈ ఆశ్రమంతో ఏ సంబంధమూ లేని, ఇదే ప్రాంతంలో, ఇవే నెలల్లో దొరికిన అదే జాతి ఐసొలేట్లు 5 నుంచి 10 వరకు చేర్చాలి. ఊరంతా ఒకే క్లోన్ (ఒకే మూలం నుంచి వచ్చిన సంతతి) తిరుగుతుంటే ఆశ్రమంలో కనిపించిన దగ్గరితనానికి విలువ తగ్గుతుంది. ఎస్‌టీ అంటే సీక్వెన్స్ టైప్, కొన్ని జీన్లను బట్టి ఒకే జాతిలో ఇచ్చే వంశం నంబరు. మన దేశంలో క్లెబ్సియెల్లా ఎస్‌టీ231 చాలా ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. "ఇద్దరిదీ ఎస్‌టీ231" అంటే ఇంచుమించు ఇద్దరూ రాయలసీమ వాళ్లే అన్నట్టు.

డీఎన్‌ఏ, లైబ్రరీ, పరుగు

డీఎన్‌ఏ తీయడం మామూలు కాలమ్ కిట్‌తో అయిపోతుంది. క్లెబ్సియెల్లాలో జిగురు ఎక్కువున్న రకాలు కాలమ్‌ను మూసేస్తాయి. కల్చర్ సగం తగ్గించి, సెలైన్‌తో ఒకసారి కడిగి మొదలుపెట్టండి. స్టాఫ్ ఆరియస్ గోడ మందం, మామూలు లైసిస్ బఫర్‌కు లొంగదు, లైసోస్టాఫిన్ కావాలి. ప్రతి బ్యాచ్‌లో బ్యాక్టీరియా వేయని ఖాళీ ట్యూబ్ ఒకటి కూడా చివరి వరకు నడపాలి.

కొలత క్యూబిట్ లాంటి ఫ్లోరోమీటర్‌తోనే. నానోడ్రాప్ అనే మరో కొలత మెషీన్ ఆర్‌ఎన్‌ఏనూ కలిపి లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. దాన్ని శుద్ధత చూడటానికే వాడండి, 260/280 నిష్పత్తి 1.8 నుంచి 2.0 మధ్య ఉండాలి. లైబ్రరీ అంటే మెషీన్ చదవడానికి వీలుగా ముక్కలు చేసి సిద్ధం చేసిన డీఎన్‌ఏ. దానికి వాడే నెక్స్‌టెరా ఎక్స్‌టీ కిట్‌కు కావాల్సింది 1 నానోగ్రామే, అంటే మైక్రోలీటరుకు 0.2 నానోగ్రాముల చొప్పున 5 మైక్రోలీటర్లు. నానోడ్రాప్ అంకె నమ్మి కలిపితే నిజానికి తక్కువ డీఎన్‌ఏ పడుతుంది. ఎంజైమ్ దాన్ని మరీ చిన్న ముక్కలుగా తరిగేస్తుంది. ఎక్కువ పడితే తిరకాసు ఇటువైపు, ముక్కలు పెద్దవిగా మిగిలి ఫ్లోసెల్ (మెషీన్ డీఎన్‌ఏను చదివే పలక) మీద సరిగా పెరగవు.

ఎన్ని ఐసొలేట్లు ఒక పరుగులో (మెషీన్‌ను ఒకసారి నడిపినప్పుడు) పెట్టొచ్చు అన్నది కూడికలూ గుణకారాలే. 55 లక్షల అక్షరాలు, ఒక్కోటి సగటున 60 సార్లు చదవాలంటే ఒక ఐసొలేట్‌కు 33 కోట్ల అక్షరాలు. ఇల్యూమినా మైసీక్ మెషీన్ వెర్షన్ 2 కిట్, 300 సైకిళ్లది, సుమారు 450 కోట్లు ఇస్తుంది. 13 పట్టొచ్చు, కానీ 12తో ఆగండి. చిన్న మెషీన్ ఐసీక్ సుమారు 120 కోట్లు ఇస్తుంది కాబట్టి మూడు. 60 అనుకుని పెడితే అన్ని శాంపిళ్లూ సమానంగా రాకపోయినా వెనకబడినవి కూడా 40 దాటుతాయి. 40 కంటే తగ్గితే స్నిప్ లెక్కలు వణుకుతాయి.

నానోపోర్ మినియాన్ సీక్వెన్సింగ్ చేసే చిన్న పెట్టె, ల్యాప్‌టాప్‌తో నడుస్తుంది, అదేరోజు డేటా రావడం మొదలవుతుంది. పాత ఫ్లోసెల్ రసాయనంతో స్నిప్‌లు లెక్కపెట్టడం దండగ. ఆర్ 10.4.1 ఫ్లోసెల్, అత్యధిక కచ్చితత్వం ఇచ్చే బేస్‌కాలింగ్ (సిగ్నల్‌ను అక్షరాలుగా మార్చే) మోడల్ వాడండి. అప్పటికీ ఒకే అక్షరం వరసగా వచ్చేచోట, మిథైల్ గుర్తులున్నచోట తప్పులు మిగులుతాయి. కొన్ని శాంపిళ్లు ఇల్యూమినాతో, కొన్ని నానోపోర్‌తో చేసి ఒకే పట్టికలో కలిపితే తేడాలన్నీ రోగుల మధ్య కాదు, మెషీన్ల మధ్య కనిపిస్తాయి.

ప్రతి పరుగులోనూ ఒక ఐసొలేట్‌ను రెండు వేర్వేరు కోడ్‌లతో, డీఎన్‌ఏ తీయడం దగ్గర్నుంచి రెండుసార్లు నడపండి. ఆ రెంటి మధ్య 0 స్నిప్‌లు రావాలి. 4 వచ్చాయంటే మీ పద్ధతిలోనే 4 స్నిప్‌ల రొద ఉందన్నట్టు. ఇక 3 స్నిప్‌ల తేడా మీద వాదించే హక్కు మీకు లేదు.

బయటి ల్యాబ్‌కు పంపుతుంటే డీఎన్‌ఏ పంపడమే సుఖం. బతికున్న కల్చర్ పంపాలంటే మూడు పొరల ప్యాకింగ్, యూఎన్ 3373 గుర్తు కావాలి.

డేటా వచ్చాక

స్నిప్‌ల మీదికి దూకొద్దు. ముందు ఫాస్ట్‌క్యూసీతో రీడ్ల (మెషీన్ చదివిన డీఎన్‌ఏ ముక్కల) నాణ్యత, క్రాకెన్2తో అవి ఏ జాతివో, షోవిల్ లేదా స్పేడ్స్‌తో అసెంబ్లీ, అంటే ముక్కలను అతికి జీనోమ్ కట్టడం. క్లెబ్సియెల్లా జీనోమ్ 50 నుంచి 60 లక్షల మధ్య, జీసీ (జీ, సీ అక్షరాల) శాతం 57 దగ్గర ఉండాలి. అసెంబ్లీ 75 లక్షలు వచ్చిందంటే ట్యూబ్‌లో రెండు బ్యాక్టీరియాలున్నాయి. కాంటిగ్‌లు (ఒకదానికొకటి అతకని ముక్కలు) 500 దాటితే డీఎన్‌ఏ తరిగిపోయిందో, రీడ్లు చాలలేదో. ఇలాంటిది తీసి పక్కన పెట్టండి, వయల్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. "ఏదో సర్దుకుంటుంది" అని పట్టికలో ఉంచితే కలిసిన శాంపిల్ ఇద్దరు అపరిచితులను చుట్టాలుగా చూపిస్తుంది.

తర్వాత ఎస్‌టీ. కల్చర్ ల్యాబ్ మెషీన్ క్లెబ్సియెల్లా న్యుమోనియే అన్నది నిజానికి క్వాజిన్యుమోనియేనో వేరీకోలానో అనే దగ్గరి జాతి అని ఇక్కడ తేలడం మామూలే. క్లెబొరేట్ అనే సాఫ్ట్‌వేర్ జాతి, ఎస్‌టీ, రెసిస్టెన్స్ జీన్లు అన్నీ ఒకేసారి చెబుతుంది. కమాండ్ లైన్ రానివాళ్లు పాథోజెన్‌వాచ్ వెబ్‌సైట్‌లో అసెంబ్లీ ఎక్కిస్తే చాలావరకు అదే చూపిస్తుంది. ఎక్కించే ఫైలు పేరులో రోగి పేరు, ఆశ్రమం పేరు ఉండకూడదు.

ఎస్‌టీ వేరైనవాటిని అక్కడే విడదీయండి. ఒకే ఎస్‌టీ ఉన్నవాటికి మాత్రమే స్నిప్పీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో స్నిప్‌లు తీయాలి. రిఫరెన్స్‌గా (అన్నిటినీ పోల్చి చూసే జీనోమ్‌గా) ఎక్కడిదో పాత జీనోమ్ కాక, ఈ గుంపులోని ఒక ఐసొలేట్‌నే లాంగ్ రీడ్‌తో (నానోపోర్‌లా పొడవు ముక్కలు చదివే పద్ధతితో) పూర్తి చేసి పెట్టుకుంటే అన్నిటికంటే మేలు. దూరపు రిఫరెన్స్ వాడితే పోల్చగలిగిన భాగం కుంచించుకుపోతుంది, తేడాలు దాక్కుంటాయి. కనీసం 10 రీడ్లు పడ్డచోట, 90 శాతం రీడ్లు ఒప్పుకున్న స్నిప్‌నే లెక్కలోకి తీసుకోండి. ఫేజ్ (బ్యాక్టీరియా వైరస్) భాగాలను మాస్క్ చేయండి, అంటే లెక్కలోంచి మినహాయించండి, గబ్బిన్స్‌తో రీకాంబినేషన్ తీసేయండి. బయటి నుంచి ఒక డీఎన్‌ఏ ముక్క వచ్చి అతుక్కుంటే ఒక్క సంఘటనతోనే 200 స్నిప్‌లు కనిపిస్తాయి. అది 200 మార్పులు కాదు, ఒక్కటే.

పట్టిక చదవడం

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 40 పడకల ఆశ్రమం. ఐదు ఐసొలేట్లు ఒకే ఎస్‌టీ. ఒకటి వేరు.

క1: 3వ పడక, జూన్ 2, మూత్రం
క2: 4వ పడక, జూన్ 9, మూత్రం
క3: 11వ పడక, వేరే గది, జూన్ 16, మూత్రం
క4: 17వ పడక, జూన్ 11, మూత్రం, వేరే ఎస్‌టీ
క5: బెడ్‌పాన్ కడిగే తూము, జూన్ 20
క6: 20వ పడక, జూన్ 18, ఆసుపత్రి నుంచి నాలుగు రోజుల కిందట వచ్చినామె

స్నిప్‌లు: క1, క2 మధ్య 3. క1, క3 మధ్య 5. క2, క3 మధ్య 4. తూము క5కూ క2కూ 2, క1కు 3, క3కు 4. క6కు మిగతా వాటితో 61 నుంచి 63. పోలిక ఐసొలేట్లలో దగ్గరిది కూడా 48 స్నిప్‌ల దూరంలో ఉంది.

క4 మొదటే బయటికి పోయింది. మందుల పట్టిక కలిసినా ఆయనది ఈ గుంపు కాదు. క6 సంగతి ఇంకా ఆసక్తికరం. ఎస్‌టీ ఒకటే, జ్వరమూ అదే వారం, గుంపులో వేసేసేవాళ్లమే. క్లెబ్సియెల్లా ఏడాదికి రమారమి 5 నుంచి 10 స్నిప్‌లు పోగేసుకుంటుంది. మార్పులు రెండు కొమ్మల్లోనూ జరుగుతాయి కాబట్టి 60 చిల్లర తేడా అంటే ఇద్దరి మూలమూ విడిపోయి ఏళ్లయింది. ఆమె ఇక్కడ అంటించుకోలేదు. ఆసుపత్రిలోనే వచ్చిందా అన్నది ఆ వార్డు ఐసొలేట్లతో పోల్చితే తప్ప చెప్పలేం.

క1, క2, క3, క5 ఒక గుంపు. పోలిక ఐసొలేట్ల దూరంతో చూస్తే ఇది ఊరి క్లోన్ కాదు, ఈ ఇంటి సంగతే. ఇప్పుడు లైన్ లిస్టు తీయండి. 3, 4 పక్కపక్క పడకలు. 11 వేరే గది, మరి ఎలా? ముగ్గురికీ యూరిన్ పైపులున్నాయి. రాత్రి డ్యూటీలో మూడు బ్యాగులూ ఒకే మగ్గులోకి ఖాళీ చేసి, ఒకే తూములో పోస్తున్నారు. దారి మగ్గే అయి ఉండొచ్చు. తూమే మూలం అనడానికి మాత్రం తొందరపడకండి. ఆ శాంపిల్ కేసుల తర్వాత తీసింది. రోగుల మూత్రం నుంచే తూములోకి వచ్చి ఉండొచ్చు. తేదీలు వరసగా ఉన్నాయని క1 నుంచి క2కు, అక్కణ్నుంచి క3కు అని బాణాలు గీయడం కూడా తప్పే. 3, 4, 5 స్నిప్‌ల మధ్య తేడా దిక్కు చూపేంత పెద్దది కాదు. శాంపిల్ తీయని మోతగాడు (లక్షణాల్లేకుండా బ్యాక్టీరియాను మోసే మనిషి) ఇంకొకరు మధ్యలో ఉండొచ్చు.

ఇక ఎన్ని స్నిప్‌ల లోపుంటే సోకినట్టు, హద్దు ఎంత అన్న ప్రశ్న. 2019లో యూరప్ ఆసుపత్రుల క్లెబ్సియెల్లా అధ్యయనం 21 స్నిప్‌లు అంది. ఎంఆర్‌ఎస్‌ఏకు (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్‌కు) ఆరు నెలల లోపు అయితే 15 అన్న అంకె వాడుకలో ఉంది. సి. డిఫిసిల్ నెమ్మదిగా మారుతుంది, నాలుగు నెలల లోపు సోకితే 0 నుంచి 2. ఇవి కంచెలు కాదు, మైలురాళ్లు. మీ రిఫరెన్స్, మీ మాస్కింగ్ మారితే అంకె మారుతుంది. 20 వస్తే సోకినట్టు, 22 వస్తే సోకనట్టు అని రిపోర్టు రాసేవాళ్లకు పట్టిక ఇవ్వకపోవడమే మంచిది.

బ్యాక్టీరియా మారి, ప్లాస్మిడ్ పాకితే

ఒకరిలో క్లెబ్సియెల్లా, ఇంకొకరిలో ఈ. కోలై, మరొకరిలో ఎంటెరోబ్యాక్టర్, మూడింటిలోనూ మెరోపెనెమ్ లాంటి మందులను విరిచేసే ఎన్‌డీఎమ్ జీన్. స్నిప్ పట్టిక ప్రకారం ఏ సంబంధమూ లేదు. కానీ ఒకే ప్లాస్మిడ్ ఒక జాతి నుంచి ఇంకో జాతికి దూకి ఉండొచ్చు. చిన్న రీడ్లతో ఇది తేలదు, రిపీట్ భాగాల దగ్గర అసెంబ్లీ తెగిపోతుంది. లాంగ్ రీడ్ కావాలి. అలాంటిదే మరోటి, ఓఎక్స్‌ఏ-232 జీన్ మాత్రం 6 వేల అక్షరాల బుల్లి ప్లాస్మిడ్ మీద ఉంటుంది. లాంగ్ రీడ్ లైబ్రరీలో చిన్న ముక్కలు వడపోసేస్తే అది మొత్తానికే మాయమవుతుంది. అందుకే రెండు రకాల రీడ్లూ కలిపి అసెంబుల్ చేయండి.

ఎవరికి, ఏమని చెప్పాలి

రిపోర్టులో మూడు మాటలే వాడండి: సంబంధాన్ని సమర్థిస్తోంది, సమర్థించడం లేదు, తేల్చలేం. ఒక్కో మాట పక్కన స్నిప్‌ల సంఖ్య, జీనోమ్‌లో ఎంత శాతం పోల్చగలిగాం, పోలిక ఐసొలేట్లు ఎన్ని అన్నది రాయండి. ఆయా పేరు రిపోర్టులో ఎక్కడా రాకూడదు. ముప్పై మందికి రాత్రి ఇద్దరే ఆయాలుండి, ఒకే మగ్గు ఇచ్చినప్పుడు తప్పు మనిషిది కాదు. ఉద్యోగం పోతుందని భయపడితే వచ్చేసారి ఎవరూ నిజం చెప్పరు.

ఆశ్రమానికి ఇచ్చే కాగితం వేరుగా ఉండాలి, ఒక పేజీ, తెలుగులో. పై ఉదాహరణలో అయితే ఇలా: యూరిన్ బ్యాగు ఉన్న ప్రతి ఒక్కరికీ సొంత మగ్గు, దాని మీద పడక నంబరు పెయింటుతో రాయాలి. ఖాళీ చేసేటప్పుడు బ్యాగు కొళాయి మగ్గు అంచుకు తగలకూడదు. ఒక్కో బ్యాగుకూ గ్లవ్స్ మార్చాలి, గ్లవ్స్ తీశాక చేతులు రుద్దుకోవాలి. బెడ్‌పాన్ కడిగే చోట చేతులు కడగడం, తాగే గ్లాసులు కడగడం మానాలి. ఆ తూములోకి నీళ్లు చిమ్మకుండా నెమ్మదిగా పోయాలి. ఎవరికైనా ఆసుపత్రిలో చేరిక అవసరమైతే లేఖ మీద "మెరోపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా ఉంది" అని రాసి పంపాలి.

కేసులు ఆగాయా లేదా అన్నది చూడటానికి వారానికోసారి, నాలుగు వారాలు, మోతగాళ్ల పక్క పడకల వాళ్లకు రెక్టల్ స్వాబ్ తీయండి. వరసగా నాలుగు వారాలు కొత్తవాళ్లెవరూ రాకపోతే గుంపు ముగిసిందనుకోవచ్చు. కానీ పాత మోతగాళ్ల పేగుల్లో అది నెలల తరబడి ఉంటుంది, మగ్గు నియమం వాళ్ల పడకల దగ్గర అలాగే కొనసాగాలి. క1 నుంచి క6 దాకా వయల్స్, రిఫరెన్స్ జీనోమ్ ఫైలు, పడకల పట్టిక మూడూ ఒకే కోడ్ కింద ఉంచండి. సంక్రాంతికి ఇంకొకరికి జ్వరం వచ్చి క్లెబ్సియెల్లా దొరికితే, ఆ ఒక్క ఐసొలేట్‌నే సీక్వెన్స్ చేసి ఈ పట్టిక పక్కన పెట్టాలి. క2తో 6 స్నిప్‌లు వస్తే అదే బ్యాక్టీరియా ఇంకా ఇంట్లోనే ఉంది. వెతకడం మళ్లీ ఆ తూము దగ్గర్నుంచే మొదలుపెట్టండి.